మెట్ల లైటుకు మూడు వైర్లు

గట్టిగా మాట్లాడొద్దప్పా నరసింహా, నీకు దండం పెడ్తా. పైన వినపడ్తాది. ఈ మెట్ల సంగతి నీకు తెలీదు. ఈడ నేను దగ్గితే పైన మా తమ్ముని పెండ్లాం మిరియాలు నూరుతాది. గుసగుసగా చెప్పినా పైకి పోతాది మాట.

ఆ సంచి ఇట్ల తే. స్క్రూడ్రైవర్లు గలగలమంటాండాయి. ఎవరన్నా అడిగితే మా ఇంటామె సంతోషమ్మ తరపు చుట్టాన్ని, రాజంపేట నుంచి వచ్చినా అని చెప్పు. కరెంటు పనోన్నని మాత్రం చెప్పొద్దు. యాలనా? చెప్తా, ముందు లోపలికి రా.

బండి యాడ పెట్టినావు? వాకిట్లోనా? దాని ముందర బోర్డు ఉండాది కదప్పా, అన్ని రకముల వైరింగు పనులు చేయబడును అని, ఎర్రక్షరాల్తో. వీధిలో అందరూ చదవాల్నా? ఉండు, నా తువ్వాల కప్పి వస్తా.

ఆ. వచ్చినా. కప్పినా. ఇంగ కూచ్చో. కూచ్చోవా, పని చూస్తావా? సరే, నిలబడే విను.

ఈ వీధిలోనే ముగ్గురు ఉండారు కరెంటు పనోళ్ళు. ఒకడు మా గుడికే వస్తాడు. వాండ్లందర్నీ వదిలిపెట్టి నిన్ను రాజంపేట నుంచి కడపకు పిలిపించినానంటే ఊరికే పిలిపిస్తానా? నన్ను ఈ చుట్టుపక్కల ఏమంటారో నీకు తెల్సు. కరెంటు ఏసురాజు. ముప్పై నాలుగేండ్లు కరెంటాఫీసులో చేసి రిటైరైనోన్ని. మీ ఇంటి మీటరు గూడా పదేండ్లు నేనే చూసినా, గుర్తుండాదా? మీ అమ్మ నాకు మజ్జిగ ఇచ్చేది.

అవును, మీటర్లే చూసినా. అయితే? మీటరు చూసినోనికి కరెంటు తెలీదా? వైరు చేత్తో పట్టుకోలేదు, అంతే. పట్టుకునే అవసరం రాలేదు. నవ్వకు.

ఇదో, ఇదీ ఆ స్విచ్చు. కింద మెట్టు కాడ ఇది. పైన మెట్టు కాడ ఇంగోటి. రెంటికీ నడిమ అదో ఆ ఒక్క బల్బు. చూస్తివా, మూడు గంటలప్పుడు గూడా ఈడ ఎట్ల ఉండాదో. మా నాయన నాపరాయి గనిలో మేస్త్రీ. ఆయన కట్టించిన ఇల్లు ఇది. కింద నల్ల బండ, పక్కన నల్ల బండ, పదిహేడు మెట్లూ నల్ల బండే. కిటికీ మాత్రం పెట్టించడం మర్చిపోయినాడు. మట్ట మధ్యాన్నం గూడా లైటు లేకుంటే ఈ మెట్లు ఎక్కేది కాదు.

కింద నేనూ మా సంతోషమ్మా ఉంటాం. పైన మా తమ్ముడు నెహెమ్యా, వాని పెండ్లాం ప్రేమజ్యోతి. వాడు బస్సు డిపోలో మెకానిక్కు. నాకంటే ఆరేండ్లు చిన్నోడు.

ముందు ఎట్ల ఉండేదప్పా ఈ లైటు! కింద వేసి పైన ఆపుకోవచ్చు, పైన వేసి కింద ఆపుకోవచ్చు. ఎవరికి ఎవరితోనూ పనిలేదు. ఇరవై ఏండ్లు అట్లే నడిచె. ఆ పాత స్విచ్చు పాడైపోయె, కొత్తది మార్చిరి. ఆ పొద్దు నుంచి పట్టుకున్యాది దరిద్రం.

ఎవరు మార్చినారా? ఎవరో ఒకాయన. బజార్లో దొరికినాడు. పేరు గుర్తులేదు. రోంత పొట్టిగా ఉంటాడు.

నన్ను యాల చూస్తావు? స్విచ్చును చూడు.

ఏమవుతాందంటే, పైన వాండ్లు ఆపినారనుకో, కింద నేను ఎంత టపటపలాడించినా ఇది వెలగదు. వాండ్లు డిపో నుంచి, మార్కెట్టు నుంచి వస్తారా, కింద వేసుకుంటారా, ఎక్కి పోతారా, పైన టక్కున ఆపుతారు. ఇంగంతే. నా లైటు సచ్చిపోతాది. మాపటేళ మిద్దె మీద బట్టలు తెచ్చుకోవాలంటే మా సంతోషమ్మ గోడ పట్టుకొని ఎక్కాల. నాకెట్లుంటాది చెప్పు? కావాలని చేస్తాండారు అనుకున్యా. నువ్వైనా అట్లే అనుకుంటావు.

నేనూ ఊరుకోలే. తొమ్మిదికి పండుకునే ముందు నేనూ కింద ఆపేసే వాణ్ణి. నేను ఆపితే పైన వాండ్లకూ వెలగదని తర్వాత తెల్సింది. తెల్సినాక ఇంగ ఎనిమిదిన్నరకే ఆపబట్టితి.

తప్పేమప్పా? వాండ్లు చేస్తే సరి, నేను చేస్తే తప్పా?

రెండోనాడే వచ్చినాడు వాడు. నెహెమ్యా. చేతికి గ్రీజుతోనే వచ్చి, అన్నా, ఆ స్విచ్చు ఉండాది చూడు, అని మొదలుపెట్టినాడు. నాకు కోపం యాడ నుంచి వచ్చిందో, లేసి నిలబడి, ముప్పై నాలుగేండ్లు కరెంటాఫీసులో చేసినోనికి బస్సు చక్రాలు ఊడదీసేటోడు చెప్తాడా అంటి. ఇంగా రెండు మూడు అంటి. వాని డిపోను అంటి, వాని అత్తగారి ఊరిని గూడా అంటి. వాడు నోరు తెరిచినోడు మూసుకొని పైకి పోయె. ఆ పొద్దు నుంచి మాటల్లేవు. ఏడు వారాలు. ఇదే మెట్లు, ఇదే వాకిలి, ఎదురుపడితే నేను క్యాలెండరు చూస్తా, వాడు చెప్పులు చూసుకుంటాడు.

ఆడోళ్ళు మాత్రం మాట్లాడుకుంటారు. ఈడ నుంచి పప్పు పైకి పోతాది, ఆడ నుంచి సంగటి కిందికి వస్తాది. మా సంతోషమ్మ ఇప్పుడు గూడా పైనే ఉండాది. దాన్నేమనేది?

స్విచ్చు ఊడదీస్తావా? ఆగు. మెట్ల లైటుకు వేరే ఫీజు ఉండాది, అది పీకిపెట్టినా, జేబులో ఉండాది. మెయిను ఆపితే పైన ఫ్యాన్లు ఆగి అందరూ బయటికి వస్తారు. ఊడదీసే ముందు అసలు కథ విను, మూడు స్క్రూలకు తొందరేముంది.

మీకు తెలీదు, మా గుడిలో నెలకు మొదటి ఆదివారం సంస్కారం ఉంటాది. రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. రసం చిన్న చిన్న గిన్నెల్లో పోసి, పళ్ళెంలో పెట్టుకొని వరస వరసకూ తీసుకపోవాల. ఆ పళ్ళెం పట్టేది నేను. సంఘపెద్దను. పంతొమ్మిదేండ్లుగా పడ్తాండా, ఒక్క చుక్క ఒలకలే. అన్నదమ్ములు మాటల్లేకుండా ఉంటే మాత్రం దాన్ని ముట్టుకోగూడదు. ముందు పోయి సమాధానపడి, తర్వాత రావాల. అది మా పద్ధతి.

పోయిన సారి నాలుగో వరసలో కూచ్చున్యాడు నెహెమ్యా. పళ్ళెం వాని ముందరికి తీసుకపోతి. వాడు నన్ను చూసె. నేను పైన ట్యూబులైటు చూస్తి. వాడు గిన్నె ముట్టుకోలే. నేనూ ఆ పొద్దు ముట్టుకోలే. గుడంతా చూసినారప్పా. పాట గూడా నడిమధ్యలో నెమ్మదైపోయె.

పక్క వారం మా పాస్టరు అయ్యగారు, ప్రార్థన మనవులు ఎవరికన్నా ఉండాయా అని అడిగె. మామూలుగా మోకాళ్ళ నొప్పులు, పిల్లోళ్ళ పరీక్షలు, బోరులో నీళ్ళు పడాలని, ఇట్లాంటివి చెప్తారు. నేను లేస్తి. మా ఇంటి మెట్ల మీద చీకటి ఉండాది, ఆ చీకటి ఒకని మనసులో నుంచి వస్తాండాది, వాని మనసు మారేటట్లు సంఘమంతా ప్రార్థన చెయ్యండి అంటి.

పేరు చెప్పలే. ఆ మాత్రం మర్యాద నాకు తెలీదా? వాని పక్కకు తిరిగి చెప్పినా, అంతే.

ఇప్పుడు చెప్తా విను, నీకు ఒళ్ళు జలదరిస్తాది. సోమవారం మాపటేళ స్విచ్చు వేస్తి. వెలిగె. ఆపితి, ఆగె. మంగళవారం వెలిగె. బుధవారం వెలిగె. మూడు వారాలప్పా, ఒక్క పొద్దు తప్పలే. నేను వేస్తే వెలుగుతాది, నేను ఆపితే ఆగుతాది. ప్రార్థన అంటే అట్లుండాల.

ఊరికే ఉంటానా? పోయిన ఆదివారం లేసి సాక్ష్యం చెప్తి. పది నిమిషాలు. దేవుడు మా తమ్ముని మనసు మార్చినాడు, వాడు ఇంగ లైటు ఆపడం లేదు అని. స్త్రీల సమాజం వాండ్లు కొంగుతో కండ్లు తుడుచుకున్యారు. ప్రేమజ్యోతి గూడా ఏడ్చె. నా సాక్ష్యానికే అనుకుంటి.

అయిపోయినాక అయ్యగారు నన్ను పక్కకు పిలిచి, ఏసురాజూ, శనివారం ఐదు గంటలకు మీ ఇంటికి వస్తా, పైన నెహెమ్యా ఇంట్లో ప్రార్థన పెట్టుకుందాం, ఆ లైటు నేనూ చూడాల, మీరిద్దరూ మెట్ల మీద చేతులు కలపాల, ఆదివారం ఇద్దరూ సంస్కారం తీసుకోవాల అనె. ఇదే ఆ శనివారం. ఇప్పుడు టైమెంత? మూడుంబావా? అదీ సంగతి.

మరి లైటు వెలుగుతాంటే నిన్ను యాల పిలిచినా అంటావా? మంచి ప్రశ్నే అడిగినావు.

మొన్న బుధవారం తెల్లవారి నీళ్ళు వచ్చె. ప్రేమజ్యోతి దిగి వస్తాండాది. రెండు చేతుల్లో రెండు బిందెలు, ఫోను నోట్లో కరిచిపెట్టుకొని, ఆ ఫోను లైటు వెలుగులో ఒక్కొక్క మెట్టే దిగుతాండాది. పైన స్విచ్చు ఉండాది కదా, వేసుకోవచ్చు కదమ్మా అందామనుకుంటి. మాటల్లేవు కదా, ఊరకుంటి. ఆ పొద్దు నుంచి నా మనసులో ఏందో పురుగు తొలుస్తాండాది. అయ్యగారు పైకి పోయి, పైన స్విచ్చు వేసి, వెలగకపోతే? కరెంటు ఏసురాజు సాక్ష్యం గతేంగావాల?

సరే, ఊడదీ. నిమ్మళంగా.

ఏందది? ఏం చీటీలు? ఇట్ల తే. ఏం లేదు, ఏదో చెత్త. చదవొద్దప్పా. చదివినావా?

అవును. మీటరు పుస్తకం అట్టే. అవును, నా చేతిరాతే. మీ ఇంటి రీడింగు కార్డు మీద పదేండ్లు చూసినావు, యాడ మర్చిపోతావు.

సరేనప్పా, నేనే మార్చినా. బజారోడు లేడు, పొట్టోడు లేడు. ఉండేది నేనొక్కడే పొట్టోన్ని. స్టూలు మీద ఎక్కి, అద్దాలు పెట్టుకొని నేనే బిగించినా. ఇంట్లో కరెంటు మనిషి ఉండంగా స్విచ్చుకు బయటోన్ని పిలిస్తే నలుగురూ ఏమనుకుంటారు? సంతోషమ్మకు గూడా బజారోడే మార్చినాడని చెప్పినా. అది గుడికి పోయినప్పుడు చేస్తి.

ఆ అక్షరాలా? పె, నా, చి. పెద్దోడు, నాయన, చిన్నోడు.

నవ్వడం ఆపితే చెప్తా. ఊడదీస్తే మూడు వైర్లు కనపడె. మూడూ ఎర్రవే. మా నాయన ఇల్లంతటికీ ఒకే రంగు వైరు తెప్పించినాడు, ఎర్రదే గట్టిదంట. ఏది యాడిదో కలిసిపోతాయి కదా మరి. ఎట్ల గుర్తు పెట్టుకోవాల్నా అని చూస్తాంటే, అదో, లోపల గోడకు ఆ ఫోటో కనపడె. నడిమ కుర్చీలో నాయన. ఈ పక్క నేను, తల దువ్వుకొని. ఆ పక్క నెహెమ్యా, నిక్కరు జారిపోకుండా పట్టుకొని. సరిపాయె అనుకుంటి. పై వైరు పెద్దోడు, నేను. నడిమ వైరు నాయన. కింద వైరు చిన్నోడు. చీటీలు కట్టి, పైకే చెప్పుకుంటా చేస్తి. పెద్దోడు పైన, నాయన నడిమ, చిన్నోడు కింద. కొత్త స్విచ్చుకు గూడా అదే వరసలో బిగిస్తి. ఒక్క పొల్లు పోలే. ఇంత జాగ్రత్తగా నువ్వు గూడా చెయ్యవు.

మరేంది తప్పు? చెప్పు, చెప్పు.

ఊ. నడిమ వైరే కరెంటు తెచ్చేది. సరే, అది నాయన. నేనూ అదే చెప్తాండా. ఆయన కాడ నుంచి ఒక పొద్దు పెద్దోనికి, ఒక పొద్దు చిన్నోనికి పోతాది. సరే. పాత స్విచ్చులో నాయన చోటు నడిమ. ఈ కొత్తదాంట్లో?

పైనా?

నడిమ కాదా? కంపెనీ కంపెనీకి మారుతాదా? ఇది ఎవరు చెప్పాల? డబ్బా మీద రాయొద్దా? రాసినారా? యాడ? ఇంత చిన్నక్షరాలా?

అంటే ఇప్పుడు, నాయన కూచ్చోవాల్సిన చోట ఎవరు కూచ్చున్యారు? చీటీ చదువు. చదవకు, నాకు తెల్సు. పె.

అందుకే ఇద్దరూ వేస్తేనే వెలుగుతాదా? ఒకడు ఆపితే ఇంగొకడు ఏం చేసినా వెలగదా? పైన వాండ్లు కుట్ర చెయ్యాల్సిన పనే లేదా?

ఈ మెట్టు మీద కూచ్చుంటా.

నాయన పోయి పదకొండేండ్లాయె. ఆయన కుర్చీలో కూచ్చోవాలని నేనెప్పుడూ అనుకోలేదప్పా. అనుకున్యానేమో. గేటుకు రంగెయ్యాలన్నా వాడు నన్ను అడగాల. పైన రేకులు మార్చాలన్నా అడగాల. అడిగితే చూద్దాంలే అంటా. రేకులడిగి నాలుగేండ్లాయె, ఇంగా చూస్తానే ఉండా. అది వేరే సంగతి. వైర్ల సంగతికీ దానికీ ఏం సంబంధం?

మార్చు నువ్వు. నాయన్ను పైకి ఎక్కించు. నన్ను నడిమ పెట్టు, కింద పెట్టు, నీ ఇష్టం. ఆ చీటీలు ఇట్ల తే, చింపేస్తా.

అయిపాయెనా? రెండు నిమిషాల పనా? ఏడు వారాలప్పా నాకు.

అయితే ఒకటి చెప్పు. మూడు వారాల నుంచి ఎట్ల వెలిగె? వైరు తప్పు ఉండంగా నాకు పొద్దూ ఎట్ల వెలిగె? ప్రార్థన అంటే నువ్వు ఒప్పుకోవులే. ఏమంటావు, పైన స్విచ్చు చూడాల్నా?

పైకి పోవాల్సిన పనేముంది? ఈడ నుంచే చెప్పు. తమ్ముడు ఉండాడు పైన, ఈ పొద్దు వానికి సెలవు. పోతే ఏం చెప్తావు? చుట్టమంటే నమ్ముతారా, చేతిలో టెస్టరు పెట్టుకొని ఎవడన్నా చుట్టాలింటికి పోతాడా? సరే పో. టెస్టరు జేబులో పెట్టుకో. స్విచ్చు గుమ్మం బయటే ఉంటాది, తలుపు కొట్టొద్దు. ఫోను లైటు వేసుకొని, చప్పుడు చెయ్యకుండా పదిహేడు మెట్లు లెక్కపెట్టుకో. నేనా? నేను రానప్పా. ఏడు వారాలాయె నేను ఈ మెట్లు ఎక్కి.

పోయినావా? ఏముండాది?

ఏం ప్లాస్టరు? దెబ్బకు వేసే ప్లాస్టరా? స్విచ్చుకు యాల వేసినారు?

గట్టిగా చదవొద్దురా స్వామీ, కిందికి వచ్చి చెప్పు.

చెప్పు. కదలకుండా అంటించినాడా? ఆపనీకి లేకుండా? దాని మీద పెన్నుతో రాసినాడా? ఏం రాసినాడు?

'ముట్టుకోవద్దు. అన్నకు లైటు.'

తేదీ గూడా ఉండాదా? వానికి డిపోలో అలవాటు, ఏది రిపేరు చేసినా తేదీ వేస్తాడు. ఏ తేదీ? పదో తారీకు. ఆ పొద్దు ఆదివారం. నేను లేసి మనవి చెప్పిన ఆదివారం.

గుడి నుంచి రాంగానే అంటించినాడు.

అంటే పైన స్విచ్చు వెలిగే పక్కకు పెట్టి కట్టేసినాడు. నేను కింద వేస్తే వెలగాలని. ఇంగ వాండ్లకు పైన స్విచ్చు లేనట్లే. నేను ఎనిమిదిన్నరకు ఆపితే వాండ్లకు చీకటి. మూడు వారాలు ఆ పిల్ల ఫోను పండ్లతో కరిచిపెట్టుకొని బిందెలు మోసింది. నేను దాని ముందర నిలబడి సాక్ష్యం చెప్పినా, పది నిమిషాలు.

నన్ను ఏమీ అనొద్దప్పా. అంటే అను, పర్వాలేదు.

ఇప్పుడు లైటు బాగైపాయె కదా. ఆ ప్లాస్టరు నువ్వే మెల్లగా పోయి పీకేసి రారాదా? పీకితే వాండ్లకు తెలుస్తాది, సరే. పీకకపోతే? పీకకపోతే వాడు ముట్టుకోడు. నీకు వాడు తెలీదు. వాడు ముట్టుకోవద్దని రాసినాడంటే వాడు గూడా ముట్టుకోడు. మనం ఈడ ఎంత బాగు చేసినా, వాడు ఆ ప్లాస్టరును కాపలా కాస్తా, సచ్చేదాంకా చీకట్లో దిగుతాడు. పోనీ అయ్యగారే పీకితే? అన్నకు లైటు అని అయ్యగారు చదివితే? వద్దప్పా, అది మాత్రం వద్దు.

ఏమంటావు? నువ్వు ఈడ స్విచ్చు కాడ ఉంటావా, పైన ఒక మనిషి ఉండి వేసి ఆపి చూడాల్నా? పరీక్ష చెయ్యకుండా పోవా? నీ పద్ధతి నీది. సంతోషమ్మను పిలుస్తా. దానికి స్విచ్చు పని తెలీదంటావా? నాకేం తెల్సని?

ఫీజు ఇదో. పెట్టు.

ఏడు వారాలాయెనప్పా వాన్ని పేరు పెట్టి పిలిచి. ఆగు.

రేయ్, నెహెమ్యా.

వినపడలేదేమో. మెల్లగా అంటినా? రేయ్ నెహెమ్యా, నేనురా. రోంత బయటికి రా.

తలుపు తీసె. అదో, పైమెట్టు మీద లుంగీ కనపడ్తాంది. రేయ్, ఆ ప్లాస్టరు పీకేసి స్విచ్చు వెయ్యి. పీకేయ్‌రా, నేనే చెప్తాండా. పనోన్ని పిలిపించినా. వైరు తప్పుండాది. నేను తప్పు పెట్టినా. నేనే, ఎవరో కాదు, నేనే మార్చినా ఆ స్విచ్చు. నీ తప్పు లేదు.

వెలిగె.

ఆపు. ఆగె. నువ్వు కింద వెయ్యి నరసింహా. వెలిగె. పైన ఆపురా. ఆగె. ఇంగొక సారి. చాలు, చాలు, బల్బు పోతాది.

ఏమంటాండాడు వాడు? నాకు చెవులు గుయ్యిమంటాండాయి, నువ్వు విను. తెల్సా? ఏం తెల్సు?

విన్న్యావా నరసింహా? ముందే తెల్సంట. నేను స్టూలెక్కి చీటీలు కట్టే పొద్దు వాడు గుడికి పోలేదంట, డ్యూటీకి పోవాలని పైన పండ్లు తోముకుంటా ఉన్యాడంట. పెద్దోడు పైన, నాయన నడిమ అని నేను చెప్పుకునేదంతా వినపడిందంట. వినపడకుండా ఎట్లుంటాది, ఈ మెట్లే అట్లాంటివి. అన్నా, నాయన వైరు పైకి పోవాల అని చెప్పనీకే ఆ రెండోనాడు దిగి వచ్చినాడంట. నేను వాని డిపోనూ, అత్తగారి ఊరినీ తిడితిని కదా, ఆ పొద్దు.

మరి నీకు తెల్సు కదరా, నేను లేనప్పుడు దిగి మార్చెయ్యకపోతివా? నీకిది రెండు నిమిషాల పని.

ఏమన్నాడో విను. నీ పని నేను ముట్టుకుంటే నీ పేరేం కావాలన్నా, అంటాండాడు.

చూసినావా. ఇట్లాంటోనితో ఎట్ల కొట్లాడేదప్పా? తిరిగి ఒక మాటన్నా అనుంటే నాకు రోంత ఆసరాగా ఉండేది.

ఇంగ రేపు గుడిలో నేను లేసి నిలబడాల. పోయిన వారం సాక్ష్యం పది నిమిషాలు చెప్పినా. రేపు చెప్పేది ఒక్క ముక్క, వైరు నేనే తప్పు పెట్టినా అని. ఆ ఒక్క ముక్కకు మూడు చెరువుల నీళ్ళు తాగాల నేను. వాడు నాలుగో వరసలో తల దించుకొని కూచ్చుంటాడు, క్షమించినోని మాదిరి. గుడంతా వాన్ని చూసి పాపమని నాలుక చప్పరిస్తారు. పంతొమ్మిదేండ్లు పళ్ళెం మోసింది నేను, మంచోడు వాడు. ఎట్లుండాది కథ.

ఏందంట? పైకి రమ్మంటాండారా? టీ పెట్టినారంట, నీకు గూడా. సంతోషమ్మ నవ్వుతాంది చూడు, దానికీ ముందే తెల్సినట్లుండాది. బజారోడు లేడని ఎవరికీ చెప్పాల్సిన పనే లేకపాయె. ఈ ఇంట్లో తెలీనోన్ని నేనొక్కన్నే.

నువ్వు పోయి ముందు నీ బండి మీద నా తువ్వాల తీసి రా. తీసెయ్‌లే, బోర్డు కనపడనీ. అయ్యగారు వచ్చినప్పుడు ఎవరు బాగుచేసినారంటే నిన్ను చూపిస్తా.

ఆ స్విచ్చు ముట్టుకోవద్దు, వాడు పైనుంచి వేస్తాడు. అదో, వేసినాడు. ఇంగ నేను బతికినన్నాళ్ళూ ఈ మెట్లు వాడు వేసిన లైట్లోనే ఎక్కాల. ఏం చేస్తాం. పద.